గుదూదో చూసిన వైపు

ఎల్‌సాలే ఊళ్ళో తెల్లారగానే ఎబ్లా చేసే మొదటి పని గుదూదో మొహం సరిచేయడం. గుదూదో అంటే ఎర్రది. పేరుకు తగ్గట్టు ఎర్రటి ఆవే. ముసలిదైపోయింది, మూపురం ఒక పక్కకి వాలిపోయింది. పెరట్లో పాతిన ఆలివ్ కొయ్యకి దాన్ని కట్టి ఉంచుతారు. ఎబ్లా దాని దవడ కింద చెయ్యి పెట్టి, తల కొయ్యకి ఎదురుగా తిప్పి, మెడ నిమిరి, అప్పుడు పొదుగు దగ్గర కూర్చుంటుంది. పాలు తీశాక జొన్నపిండితో లహోహ్ అట్లు పోసి, అత్తగారికి నెయ్యీ చక్కెరా వేసి పెట్టి, టీ కాస్తుంది. ఈలోగా ఏ ఈగో వాలి ఆవు తల పక్కకి తిప్పిందంటే, ఊళ్ళో అందరి గ్లాసుల్లోనూ టీ ఒక పక్కకి ఒరుగుతుంది. ఎవరి గ్లాసు వాళ్ళు పట్టుకుంటారు, ఒలికితే తుడుచుకుంటారు, మళ్ళీ కబుర్లలో పడతారు.

భూమి కింద ఒక ఎద్దు ఉంది. ఈ నేలంతా దాని కొమ్ముల మీద నిలబడి ఉంది. ఆ ఎద్దు కళ్ళు ఎప్పుడూ గుదూదో మీదే. గుదూదో కొయ్య మీద చూపు నిలిపి తిరిగి చూస్తున్నంత సేపూ అది కదలదు. చూపు మళ్ళించిందా, దానికి బెంగ పుడుతుంది. బెంగతో తల ఆడిస్తుంది. ఇందులో వింతేముందో ఎల్‌సాలే వాళ్ళకి తెలీదు. అడిగినవాడి మొహం వంకే వింతగా చూస్తారు.

మసీదులో పాఠాలు చెప్పే షేక్ సమతర్‌కి మాత్రం ఎద్దు పేరెత్తితే కోపం. భూమినీ ఆకాశాన్నీ నిలబెట్టినవాడు దేవుడొక్కడే, ఎద్దులూ గిద్దులూ లేవని ప్రతి శుక్రవారం గట్టిగా చెబుతాడు. చెప్పి, ఇంటికి వెళ్తూ ఎబ్లా గుమ్మం ముందు ఆగి, ఈగలు ఎక్కువయ్యాయమ్మా, కాస్త పొగ వెయ్యి, ఆవు తల తిప్పుతోంది అని మరీ పోతాడు. కొత్త సంవత్సరం మంట మీంచి దూకడం పాపమని చెప్పేదీ ఆయనే, మంట రాజుకోగానే అందరికంటే ముందు లుంగీ ఎగ్గట్టేదీ ఆయనే. వాన పడితే ఊరంతా ‘బర్వాకో’ అంటుంది, సిరులు పండాలని. ఆ మాట చివర ఎప్పటిదో ఒక ఆకాశ దేవుడి పేరు దాక్కుని ఉందని ఎబ్లా అత్తగారు అవ్రాలాకి తెలుసు. షేక్‌కీ తెలుసు. వాన పడితే ఇద్దరూ ఆ మాటే అంటారు.

ఆవుని చూసుకోవడం ఆ ఇంటి కోడళ్ళ పని. అవ్రాలా అత్తగారు అవ్రాలాకిచ్చింది, అవ్రాలా ఎబ్లాకిచ్చింది. తల్లి ఆవు ముసలిదయ్యేసరికి దాని పెయ్య పక్కన నిలబడి ఉంటుంది. ఎద్దు చూపు తల్లి మీంచి పిల్ల మీదికి మెల్లగా మారుతుంది. ఇన్నాళ్ళూ అలాగే సాగింది. గుదూదోకి మాత్రం పెయ్యలు పుట్టలేదు, ఈనిందల్లా కోడెదూడే. ఎబ్లాకి అదీ లేదు.

అందుకే దీరియే రెండో పెళ్ళికి సిద్ధపడ్డాడు. ఎబ్లా భర్త దీరియేని ఊళ్ళో చెవుల దీరియే అంటారు. ఆ చెవులు అంత పెద్దవి, అయినా చెప్పింది వినిపించుకోడు. జొన్నలూ పుచ్చకాయలూ చిన్న లారీలో వేసుకుని బొరామా సంతకి తోలుతుంటాడు. పెళ్ళి మాట భార్యకి చెప్పడానికి ఒక వారం నీళ్ళు నమిలి, చివరికి షేక్‌ని పంపాడు. షేక్ టీ తాగి, వానల గురించి మాట్లాడి, ఇంకో టీ తాగి, వాగు అవతల తోగ్‌యర్‌లో ఉగ్బాద్ అనే పిల్లని దీరియే చూసుకున్నాడని, మతం ప్రకారం తప్పు లేదని చెప్పాడు. భార్యలిద్దరికీ తిండీ బట్టా రాత్రులూ సమంగా ఉండాలని, లేకపోతే తాను ఊరుకోనని అన్నాడు. ఎబ్లా సరేనంది. ఆయన వెళ్ళాక టీలో చక్కెరకి బదులు ఉప్పు వేశానని ఆమెకి తెలిసింది. ఆయన ఆ రెండు గ్లాసులూ అడుగుదాకా తాగి వెళ్ళాడు.

రెండో పెళ్ళి చేసుకునే మగాడు మొదటి భార్య కుళ్ళు పోగొట్టడానికి ఏదైనా ఇవ్వాలి. అది ఆనవాయితీ. కొందరు బంగారం ఇస్తారు, కొందరు పట్టుబట్ట ఇస్తారు. దీరియే లారీలో ఒక తెల్ల పెయ్యని తెచ్చి దింపాడు. చాలా తెలివైన పని చేశాననుకున్నాడు పాపం. ఇటు భార్య మనసు నిమ్మళిస్తుంది, అటు కొయ్య దగ్గర ముసలిదాని చోట్లోకి పడుచుది వస్తుంది, పెళ్ళి విందుకి మాంసమూ అమరుతుంది.

“దానికి వయసైపోయింది. పాలు కూడా అంతంతమాత్రమే,” అన్నాడు లారీ టైరుని కాలితో తట్టి చూస్తూ. “పెళ్ళికి ఒక పశువు కావాలి కదా. కొయ్యకి ఆవంటూ ఉంటే చాలు, ఏదైతేనేం.”

“ఎద్దు ఒప్పుకోవద్దూ,” అంది ఎబ్లా.

“కింద ఉండేదానికి ఏం తెలుస్తుంది? పడుచుదాన్ని కడితే అదే సంతోషిస్తుంది.”

 కోపం రావాలేమో అనుకుంది ఎబ్లా. కోపం కోసం కాసేపు ఎదురుచూసింది కూడా. అది రాలేదు, ఏడుపూ రాలేదు. ఎండలో ఎక్కువ సేపు నడిచాక తల తిరిగినట్టు ఉంది, అంతే. లోపలికి వెళ్ళి అత్తగారి పక్కన కూలబడింది.

“అత్తా, నాకిప్పుడు ఏం అనిపించాలి?”

అవ్రాలా తస్బీ జపమాల తిప్పడం ఆపి ఆలోచించింది. “నాకేం తెలుసే? మీ మామ రెండోదాన్ని తెచ్చిన రోజు నేను పొద్దుట్నుంచీ రోట్లో జొన్నలు దంచాను. దంచీ దంచీ ఎవరికోసం దంచుతున్నానో మర్చిపోయాను. పిండి మాత్రం మెత్తగా వచ్చింది.”

ఆవు సంగతి షేక్‌నే అడిగింది ఎబ్లా. ఎద్దే లేనప్పుడు ఏ ఆవైనా ఒకటేనమ్మా అన్నాడాయన. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, ఎందుకైనా మంచిది, శుక్రవారం ప్రార్థన అయ్యేదాకా మాత్రం మార్చొద్దని చెప్పమన్నాడు. దీరియే వినలేదు. గురువారం పొద్దున్నే గుదూదోని లారీ ఎక్కించి తోగ్‌యర్‌లో పెళ్ళివారి దొడ్లో కట్టేసి వచ్చాడు. పెళ్ళినాటి మధ్యాహ్నం అక్కడే కోస్తారు.

తెల్ల పెయ్య పడుచుది, కొత్త చోటు, ఒక దిక్కు చూస్తే కదా. కాకి వాలితే కాకి వంక, కుండ చప్పుడైతే కుండ వంక, ఏమీ లేకపోతే తన తోక వంక చూసేది. ఎద్దు దాన్ని పట్టించుకున్నదీ లేదు. వాగు అవతలికి పోయిన ఎర్రదాని కోసం మెడ అటు చాచింది. దాంతో ఎల్‌సాలే అంతా తోగ్‌యర్ వైపు ఒరిగిపోయింది.

ఆ తర్వాత ఊరు ఊరులా లేదు. మసీదుకని బయల్దేరినవాళ్ళు జొన్నల కొట్లో తేలారు. జొన్నలకని వెళ్ళినవాళ్ళు పక్కింటివాళ్ళ వంటింట్లో నిలబడి, ఎందుకొచ్చామో గుర్తు రాక, పెట్టింది తిని వెళ్ళారు. మంగలి ఒకడికి సగం గడ్డం గీసి కత్తి నూరుకునేలోగా కుర్చీలో ఇంకొకడు కూర్చుని ఉండేవాడు. శుక్రవారం ప్రార్థన సరైన దిక్కుకే మొదలైంది, అయ్యేసరికి అందరూ పుచ్చకాయల బండి వైపు మొహం పెట్టి ఉన్నారు. షేక్ మోకాళ్ళ నొప్పని చెప్పి గబగబా ఇంటికి బయల్దేరి, ఇల్లు దొరక్క కొట్టు అరుగు మీద కూర్చున్నాడు. ఊరి జనం కెటిళ్ళని తాళ్ళతో కట్టుకున్నారు, లారీ చక్రాలకి రాళ్ళు పెట్టారు, దొర్లిపోయినవి దొర్లిపోయాయని వదిలేశారు.

ఎబ్లాకి మాత్రం లోపలా బయటా ఒకే అయోమయం. పెయ్య తల ఎన్నిసార్లు తిప్పినా నిలవదు. పాలగిన్నె పట్టుకుని పొదుగు వెతికితే చూడిది కూడా కాని పెయ్యకి పాలెక్కడివని ఆలస్యంగా గుర్తొచ్చేది. దీరియే తన పెట్టె సర్దుకుంటుంటే అతనికి పెళ్ళి చొక్కా తనే ఇస్త్రీ చేసి ఇచ్చింది. ఎందుకిచ్చిందో ఆమెకే తెలీదు. పెళ్ళి రోజు పొద్దున నీళ్ళ డబ్బా తీసుకుని బావికి బయల్దేరింది. రోజూ నడిచే దారే. తల దించుకుని నడిచింది. తలెత్తేసరికి బావి లేదు, ముళ్ళకంచె వేసిన ఒక దొడ్డి ఉంది, అందులో సగం ఎల్‌సాలే ఉంది.

దొర్లుకుంటూ వచ్చినవన్నీ అక్కడికే చేరాయి. కుండలు, డ్రమ్ములు, పుచ్చకాయలు, పిల్లల బంతులు, ఒంటి చెప్పులు, చెవులకి ఎల్‌సాలే గుర్తులున్న మేకలు. ఎవరో ఓపికగా వాటిని వేరు చేసి వరసగా పెట్టారు. మూలన గుదూదో నిలబడి ఉంది. ఎబ్లాని చూడగానే అది తలెత్తింది. కాళ్ళ కింద నేల సమంగా అయింది. 

కుట్టుమిషన్ ముందు నుంచి ఒక అమ్మాయి లేచి వచ్చింది. చేతులకి పెళ్ళి గోరింట ఇంకా తడిగానే ఉంది.

“నువ్వు ఎబ్లా అక్కవి కదూ? మీ డ్రమ్ము నిన్ననే వచ్చింది. అదిగో, అక్కడ పెట్టాను.”

ఆ అమ్మాయే ఉగ్బాద్. ఇద్దరూ కాసేపు డ్రమ్ము వంక చూశారు. ఉగ్బాద్ చాప వేసి టీ తెచ్చింది. వాళ్ళ నాన్న చుట్టాలని పిలవడానికి వెళ్ళాడట, కోసేవాడు మధ్యాహ్నానికి వస్తాడట.

“నిన్ను తిట్టాలని వచ్చానో, ఆవుని చూసుకుందామని వచ్చానో, నీళ్ళకి బయల్దేరి దారి తప్పానో నాకే తెలీడం లేదు,” అంది ఎబ్లా.

“తిట్టాలనుంటే తిట్టక్కా. ఏదో ఒకటి తేలిపోతుంది. నాకూ ఈ పెళ్ళి ఇష్టమో కాదో అంతు పట్టడం లేదు. పొద్దున ఇష్టమే అనిపిస్తుంది, సాయంత్రానికి మేకలొచ్చి మీద పడతాయి.” ఉగ్బాద్ గ్లాసు కింద పెట్టింది. “ఆయన మంచివాడేనా?”

ఇన్నేళ్ళలో ఎవరూ ఎబ్లాని ఈ మాట అడగలేదు. అబద్ధం చెప్పాలని నోటిదాకా వచ్చింది, ఏ అబద్ధం చెప్పాలో తేల్చుకోలేకపోయింది.

“మంచివాడే. చెయ్యెత్తడు. మత్తు కోసం ఖాత్ ఆకు నమిలినా బయటే నములుతాడు. ఇంటికి కావలసింది తెస్తాడు.” టీ ఒక గుక్క తాగింది. “చూడడు.”

“అంటే?”

“అట్టు పెడితే పళ్ళెం వంక చూస్తాడు. మాట్లాడితే లారీ వంక చూస్తాడు. నేను జ్వరంతో పడుకుంటే మందు సీసా వంక చూశాడు. మందు తనే తెచ్చాడు, కాదనను. నేను ఎలా ఉంటానో చెప్పమంటే మాత్రం చెప్పలేడు.”

ఆ మాట అన్నాక ఎబ్లాకి ఏడుపొచ్చింది. తనకి అంత బాధ ఉందని అప్పటిదాకా తెలియదు. భర్త ఇంకో పెళ్ళి చేసుకుంటున్నాడని కాదు ఆ బాధ. ఈ ఆవుని చూడు, ముసలిదైనా, మూపురం వాలినా, దాన్ని కింద నుంచి ఒకడు రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. అది రెండు రోజులు కనబడకపోతే వాడు భూమిని తలకిందులు చేస్తున్నాడు. తను ఒక రోజు ఇంట్లో లేకపోతే పళ్ళెంలో అట్టు లేదనే కదా దీరియేకి తెలిసేది. వెక్కుతూ అదే చెప్పింది.

ఉగ్బాద్ గోరింట చేతులు తగలకుండా మోచేత్తో ఆమె వీపు నిమిరింది. “నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు కూడా మిషన్ ఏ కంపెనీదని అడిగి వెళ్ళాడక్కా.”

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వు ఆగాక ఉగ్బాద్ లేచి వెళ్ళి, గోరింట చెదిరిపోతున్నా లెక్కచేయకుండా గుదూదో తాడు విప్పి తెచ్చి ఎబ్లా చేతిలో పెట్టింది.

“మీ నాన్న ఊరుకుంటాడా?” అంది ఎబ్లా.

“మేకలున్నాయి కదా, విందుకి చాలవా? దీన్ని తీసుకుపో. ముందు నేల నిలబడనీ. నేల నిలబడితే నేనూ ఏదో ఒకటి ఆలోచించుకుంటాను.”

ఎబ్లా తాడు పట్టుకుని ముందు నడిచింది, గుదూదో వెనక నడిచింది. కట్టేసిన ఆవైతే కొయ్య వైపు చూస్తుంది. తోలుకుపోతున్న ఆవు ఎటు చూస్తుంది? ముందు నడిచే మనిషి వైపే. ఎబ్లా అడుగు పెట్టిన చోట నేల సమంగా ఉంది. ఆమె దాటిపోయిన చోట మళ్ళీ ఊగుతోంది. ఎండిపోయిన వాగులోకి దిగేసరికి అటునుంచి పెళ్ళి లారీ వస్తూ కనిపించింది.

లారీకి రంగుబట్టలు కట్టారు. వెనక దీరియే స్నేహితులు పాటలు పాడుతున్నారు. ముందు దీరియే, పక్కన షేక్ సమతర్. ఆవు ఇసకలో కాలు దిగబడి తల ఎగరేసింది. అంతే, లారీ పక్కకి జారుకుంటూ పోయి గట్టుకి ఆనుకుని ఆగింది. అందరూ దిగారు. దిగినవాళ్ళు దిగినట్టే ఇసకలో కూర్చుని, తుమ్మ వేళ్ళు దొరికినవాళ్ళు వేళ్ళు, దొరకనివాళ్ళు పక్కవాడి కాళ్ళు పట్టుకున్నారు. దీరియే మాత్రం కొత్త లుంగీ సర్దుకుని తోగ్‌యర్ వైపు ఒక అడుగు వేశాడు. పడ్డాడు. లేచి, ఆవు ఇక్కడికెలా వచ్చిందని అడగబోయి, మళ్ళీ పడ్డాడు.

“నీకు అడ్డం నిలబడలేదు నేను,” అంది ఎబ్లా. “వెళ్ళు.”

అతను లేచి తోగ్‌యర్ వైపు చూశాడు, పడ్డాడు. లారీ వైపు చూశాడు, పడ్డాడు. ఇస్త్రీ చొక్కా నిండా ఇసక. ఏం జరుగుతోందో అర్థంకాక తలెత్తేసరికి ఎదురుగా ఎబ్లా మొహం ఉంది. ఆమె కళ్ళల్లోకి చూశాడు. నేల ఆగింది. దీరియే మెల్లగా లేచాడు. నిలబడ్డాడు. ఇంతలో ఎబ్లా ఆవు వైపు తల తిప్పింది. అతను బోర్లా పడ్డాడు.

“ఎద్దుకీ అంతే కదయ్యా,” అన్నాడు షేక్, తుమ్మ వేరు వదలకుండా. “తను చూస్తే చాలదు, అటునుంచీ చూపు రావాలి.” ఏమన్నాడో అప్పుడు తెలిసి దగ్గాడు. “అంటే, ఎద్దు లేదనుకోండి.”

దీరియే మోకాళ్ళ మీద లేచి చేతులు చాచాడు.

“ఎబ్లా, ఇటు చూడు.”

ఆ మాట ఆ నోట ఆమె ఎప్పుడూ వినలేదు. కాళ్ళు నిలవక అంటున్నాడా, తన కోసమే అంటున్నాడా? తేల్చుకుందామని నిలబడింది, తేలలేదు. పడనిస్తే ఎలా ఉంటుందో అనిపించింది, ఇంకొంచెం సేపు పడనిచ్చింది కూడా. తీరిగ్గా ఆవు ముక్కు మీద ఈగని తోలింది, తాడు చేతికి ఇంకో చుట్టు చుట్టుకుంది. కోపం ఎట్టకేలకు వచ్చింది. వచ్చి, కాసేపుండి, పోయింది. అప్పుడు అతని వైపు తిరిగి చూసింది.

దీరియే కనుబొమ్మలు నెరిసిపోయి ఉన్నాయి. ఎప్పుడు నెరిశాయో ఆమెకి తెలియదు. ఎడమ కన్ను కింద ఒక కాలిన మచ్చ ఉంది, ఇంజన్ ఆవిరి కొట్టిందేమో, ఎప్పటిదో. ఇన్నేళ్ళూ ఆవు మొహం సరిచేస్తూ తనూ ఈ మొహాన్ని చూడలేదని ఆమెకి అప్పుడే తట్టింది. అతను ఆ కళ్ళతో ఏదో వెతుకుతున్నట్టు చూస్తున్నాడు. అలా ఎవరైనా తనని చూస్తుంటే చెంపలు వేడెక్కుతాయని కూడా ఆమెకి తెలియదు.

“నీ గడ్డం మీద పుట్టుమచ్చ ఉందే,” అన్నాడు దీరియే.

“పుట్టినప్పటినుంచీ ఉంది,” అంది ఎబ్లా.

తోగ్‌యర్‌లో ఆ సాయంత్రం విందు ఆగలేదు. రెండూళ్ళ వాళ్ళూ కూర్చుని మేకమాంసం తిన్నారు. తిన్నాక, పెళ్ళికొడుకు లేడన్న సంగతి ఎవరికో గుర్తొచ్చింది. ఉగ్బాద్ వాళ్ళ నాన్న కూతురి వైపు చూశాడు. తనకి ఇప్పుడు బాగా తెలుసునని, ఈ పెళ్ళి వద్దని చెప్పింది ఉగ్బాద్. ఆయన చెయ్యి కడుక్కుని సరేనన్నాడు.

ఇటు వాగులోంచి ఎల్‌సాలే దాకా ఆ ముగ్గురూ నడిచే వచ్చారు. వెనక గుదూదో, దాని ముందు ఎబ్లా, ఎబ్లాకి ఎదురుగా దీరియే, ఆమె మొహం వంకే చూస్తూ, వెనక్కి అడుగులేసుకుంటూ. చూపు ఎవరు తిప్పినా పడతాడు కనక ఆమె కూడా తిప్పలేదు. ఊళ్ళో అరుగుల మీద కూర్చున్నవాళ్ళు కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. 

“వెనక గుంట ఉంది,” అంది ఎబ్లా.

దీరియే ఆమె మీంచి చూపు తీయకుండానే కాలు చాచి గుంట దాటాడు.